నూటికి ఇరవై

మిలటరీ అనగానే మనలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది క్యాంటీను. ఎవరింట్లోనైనా ఒక మిలటరీ ఆయన ఉన్నాడంటే ఆ వీధివీధికీ ప్రెషర్ కుక్కర్లూ, సబ్బులూ, టీ పొడీ చవగ్గా దొరుకుతాయని ఆశ. మగవాళ్ల ఆశలు వేరు, వాటి సంగతి ఇక్కడెందుకు లెండి. ఆ తరవాత గుర్తొచ్చేది మీసాలు. ఆపైన, రిపబ్లిక్ దినం నాడు ఇస్త్రీ కోటు మీద పతకాలు పెట్టుకుని స్కూలు జెండా దగ్గర నిలబడే పెద్దాయన. అంతే. ఆ కోటు కింద మోకాలు వంగదనీ, కుడిచెవి వినపడదనీ, రాత్రిళ్లు నిద్ర పట్టదనీ తెలిసేది ఆయన భార్యకే. అలాంటి మోకాళ్లకీ చెవులకీ ఈ దేశంలో లెక్క ఎలా కట్టారు, ఎవరు కట్టారు, ఎప్పట్నించీ కడుతున్నారు అన్నది పెద్ద కథ. చరిత్ర చదివిన బి.ఏ.ని కనక ఆ కథ వెనక పడ్డాను. నవలలు రాసుకునేదానికి ఇదేం పిచ్చి అంటారా? మేముండే చోటు అలాంటిది మరి.

సికిందరాబాదు నించి ఉత్తరంగా రెండు రోడ్లు బయల్దేరతాయి. ఒకటి కొంపల్లి మీదుగా మేడ్చల్‌కి. రెండోది తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట దాటి శామీర్‌పేటకి. ఈ రెండు రోడ్ల మీదా ఎక్కడ చూసినా సైన్యమే. తిరుమలగిరిలో మిలటరీ ఆసుపత్రి, హకీంపేటలో విమానాలు, మేడ్చల్‌కి పడమటగా దుండిగల్లులో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. ఒకప్పుడు ఇటంతా ద్రాక్షతోటలు. ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలూ, అపార్టుమెంట్లూ, ఔటర్ రింగురోడ్డూ. కానీ సర్వీసు అయిపోయాక ఊరికి పోకుండా ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయిన సిపాయిలూ, నాయకులూ, హవల్దార్లూ వీధికొకరైనా కనిపిస్తారు. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు.

1798లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసుకుని, కంపెనీ పటాలాల్ని తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. 1806లో ఆ పటాలాల మకాంకి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే సికిందరాబాదు. ఇది చాలదన్నట్టు రెసిడెంటు హెన్రీ రసెల్ హయాంలో ఇంకో సైన్యం తయారైంది. దానికి హైదరాబాదు కంటింజెంట్ అని పేరు, బొల్లారంలో మకాం. జీతం ఇచ్చేది నిజాం, హుకుం ఇచ్చేది ఇంగ్లీషు అధికారి. అత్తగారింటి పనిమనిషికి మనం జీతమిచ్చినట్టన్న మాట! ఆ జీతాల బాకీ పెరిగి పెరిగి, 1853లో బేరారు జిల్లాలు చేజారిపోయాయి. ఆ సైన్యం 1903లో బ్రిటిషిండియా సైన్యంలో కలిసిపోయింది. దాని పదాతి పటాలాలే చేతులు మారి, పేర్లు మారి 1945లో కుమావూఁ రెజిమెంటు అయ్యాయి. హిమాలయాల పేరు పెట్టుకున్న ఆ రెజిమెంటు పుట్టిల్లు మన హైదరాబాదు రాజ్యం అంటే ఎంతమంది నమ్ముతారు?

సరే, పటాలాలన్నాక యుద్ధాలు, యుద్ధాలన్నాక చావులూ దెబ్బలూ. చచ్చినవాడి సంగతి మనవాళ్లు ఏనాడూ మరిచిపోలేదు. తెలంగాణ పల్లెల్లో చెరువుగట్ల మీదా, గుడి వాకిళ్లలోనూ కత్తి ఎత్తి నిలబడ్డ వీరగల్లులు మీరూ చూసే ఉంటారు. కన్నడదేశంలో యుద్ధంలో ప్రాణం పోయినవాడి కుటుంబానికిచ్చే భూమిని ‘నెత్తరు కొడిగె’ అనేవారు, అంటే నెత్తుటికిచ్చిన మాన్యం. కౌటిల్యుడంతటి కఠినుడు కూడా, రాజు పనిలో చనిపోయినవాడి పెళ్లాంబిడ్డలకి తిండీ జీతమూ ఇవ్వాలని అర్థశాస్త్రంలో రాశాడు. ఇంతవరకూ బాగానే ఉంది. మరి చావకుండా తిరిగొచ్చినవాడో? ఒక కాలు అక్కడ వదిలేసి, ఇంటి అరుగు మీద నలభై ఏళ్లు కూచున్నవాడికి రాయి ఎవరు పాతారు? వీరగల్లు మీద శిల్పి చెక్కింది పడిపోయిన వీరుణ్ణే కానీ, చంకకర్ర పెట్టుకున్నవాణ్ణి కాదు.

యూరపులో చంకకర్రవాళ్లని రాజులు కాస్త ముందుగా గుర్తించారు. ఫ్రాన్సు రాజు పధ్నాలుగో లూయీ 1670లో పారిస్‌లో అశక్తులైన సిపాయిలకోసం పెద్ద భవనం కట్టమన్నాడు. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ 1682లో చెల్సీలో అలాంటిదే మొదలుపెట్టాడు. దయతోనే కావచ్చు. రాజధాని వీధుల్లో కుంటి సిపాయిలు అడుక్కుంటుంటే రాజుకి మర్యాదగా ఉండదని కూడా కావచ్చు.

మన దేశంలో ఈ లెక్క మొదలైన తీరు వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ప్లాసీ యుద్ధంలో నవాబుకి ద్రోహం చేసి, తాను నవాబైన మీర్ జాఫర్ పోతూ పోతూ క్లైవుకి 5 లక్షల రూపాయలు రాసిపోయాడు. క్లైవు దాన్ని పెట్టుబడిగా పెట్టి, కంపెనీ కొలువులో అశక్తులైన యూరోపియన్ అధికార్లకీ సిపాయిలకీ, వాళ్ల వితంతువులకీ 1770లో ఒక నిధి ఏర్పాటు చేశాడు. మన మీర్ జాఫర్ డబ్బుతో వాళ్ల అవిటివాళ్లకి భత్యం! మన సిపాయిల సంగతి తరవాత చూశారు. బీహారులో భాగల్పూరు వైపు 1780ల్లో, అశక్తులైన దేశీయ సిపాయిలకి బంజరు భూములిచ్చి స్థిరపరిచారు. జబ్బు మనిషికి అడవి నరుక్కోమని భూమివ్వడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు. కానీ ఆ ఆలోచన మాత్రం చాలా కాలం బతికింది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల పాత పట్టాలు తిరగేస్తే ‘మాజీ సైనికుడికి అసైన్ చేసిన భూమి’ అన్న మాట ఇప్పటికీ కనిపిస్తుంది. రాళ్లగుట్టల్లో ఇచ్చిన ఆ భూములే ఈనాడు కోట్లు పలుకుతున్నాయి. అవి ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది ఇంకో నవల.

ఇక బొల్లారం కథ ఒకటి చెప్పాలి. 1855 సెప్టెంబరు, మొహర్రం రోజులు. కంటింజెంటు బ్రిగేడియరు కోలిన్ మెకంజీ ఊరేగింపు మీద ఆంక్షలు పెట్టాడు. జనం వినకపోతే తానే స్వయంగా వెళ్లి జెండాలు లాక్కోబోయాడు. ఆశ్వికదళం సిపాయిలు తిరగబడి ఆయన్ని కత్తులతో నరికారు. చావుతప్పి బతికాడు గాని, ఒళ్లంతా గాయాలు. ఈ సంగతి ఇంత వివరంగా మనకి తెలియడానికి ఆయన భార్య హెలెన్ కూడా ఒక కారణం. భర్త పోయాక ఆయన జీవితాన్ని రెండు సంపుటాలుగా రాసి 1884లో అచ్చువేయించింది. తప్పు ఆయనదేనని పైవాళ్లు అన్నారు గదా, ఆ మాట ఆవిణ్ణి ఎంత కోసిందో! అప్పుడే చూడండి ఈ ప్రశ్న బయల్దేరింది: దెబ్బ తగిలింది నిజమే, అది కొలువు వల్ల తగిలిందా, నీ తెలివితక్కువ వల్ల తగిలిందా? మెకంజీ పక్షాన జవాబు చెప్పడానికి చదువుకున్న భార్య ఉంది. అదే బొల్లారంలో కాలు విరిగిన సిపాయి భార్య ఏం చెప్పుకుందో, ఎవరితో చెప్పుకుందో, ఏ సంపుటంలోనూ లేదు.

నిజానికి కత్తిదెబ్బ అయితే నయం, కంటికి కనపడుతుంది. జబ్బుల మాటేమిటి? ఆ రోజుల్లో కంటోన్మెంటు సిపాయిల్ని తుపాకీకన్నా చలిజ్వరం ఎక్కువగా తినేసింది. జ్వరం ఎక్కణ్ణించి వస్తుందో డాక్టర్లకే తెలీదు, చెడుగాలి అనుకునేవారు. 1897 ఆగస్టు 20న మన బేగంపేటలోనే కదా రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది! హుసేన్ ఖాన్ అనే రోగి తనని దోమలు కుట్టనిచ్చి, దోమకి ఒక అణా చొప్పున తీసుకున్నాడట. అతను లేకపోతే నోబెల్ బహుమతీ లేదు. నేను చెప్పబోయేదేమంటే, ఆ తేదీకి ముందు ‘నాకు ఈ జ్వరం కంటోన్మెంటు మురుగు వల్ల వచ్చింది దొరా’ అని సిపాయి అంటే, కాదనడానికీ ఔననడానికీ ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఆధారం లేనప్పుడు లాభం ఎవరికి చెందాలి? సిపాయికా, ఖజానాకా? ఈ నూటపాతికేళ్లుగా నడుస్తున్న తగువంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

మొదటి ప్రపంచయుద్ధంలో మన దక్కను హార్స్ దళం ఫ్రాన్సుదాకా వెళ్లింది. 1916 జులై 14న సోమ్ రణరంగంలో బల్లేలు పట్టుకుని గుర్రాల మీద మరతుపాకుల మీదకి ఉరికింది. అలా చేతులూ కాళ్లూ పోగొట్టుకుని ఓడ దిగుతున్న సిపాయిల్ని చూసి, బొంబాయి గవర్నరు భార్య లేడీ విల్లింగ్డన్ 1917లో వాళ్లకి పని నేర్పే స్కూలు పెట్టించింది. క్వీన్ మేరీస్ టెక్నికల్ స్కూలు అది. తరవాత పుణె దగ్గర కిర్కీకి మారింది. రెండో యుద్ధంలో, 1944లో, పుణెలోనే కృత్రిమ అవయవాల కేంద్రం వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇవి రెండూ ఎందరో ఇళ్లు నిలబెట్టాయి.

అమెరికా సంగతి కూడా ఒక్కటి చెప్పి మన ఊరికి వస్తాను. వాళ్ల అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ యుద్ధం తాలూకు చివరి పింఛను ఎప్పుడాగిందో ఊహించండి. 2020 మే 31న! ఐరీన్ ట్రిప్లెట్ అనే ఆవిడ తొంభయ్యో ఏట చనిపోయేదాకా, నెలకి 73 డాలర్ల 13 సెంట్లు అందుకుంటూనే ఉంది. తండ్రి మోజ్ ట్రిప్లెట్ ఆ యుద్ధంలో సిపాయి. ఎనభై మూడో ఏట ఈ బిడ్డని కన్నాడు. బిడ్డకి మానసిక వైకల్యం ఉండటంతో తండ్రి పింఛను ఆమెకి వచ్చింది. యుద్ధం నాలుగేళ్లు. దాని లెక్క నూటయాభై అయిదేళ్లు. యుద్ధం ఖర్చులో తుపాకుల ఖర్చొక్కటే రాసుకునే మగవాళ్లు ఈ లెక్క చూడాలి.

స్వతంత్రం వచ్చాక మన సైన్యం తన నిబంధనల్ని 1961లో పుస్తకంగా వేసింది. అందులో 173వ నిబంధన, మా వీధిలో కొందరికి గాయత్రీ మంత్రంలా నోటికి వచ్చు. వైకల్యం సైనిక సేవ వల్ల వచ్చిందైనా కావాలి, సేవ వల్ల ముదిరిందైనా కావాలి. ఆపైన అది నూటికి ఇరవై పాళ్లకి తక్కువ కాకూడదు. అప్పుడే వైకల్య పింఛను. ఇవి తేల్చేది ముగ్గురు డాక్టర్ల మెడికల్ బోర్డు. మనిషిని పంపించేసేటప్పుడు కూచోబెట్టి, వంచి, నడిపించి, ఒక ఫారం నింపుతారు. సేవ వల్లనా? సేవ వల్ల ముదిరిందా? ఎన్ని పాళ్లు? ఎన్నాళ్లుంటుంది? నాలుగు గడులు. ఒక కుటుంబం భవిష్యత్తంతా ఆ నాలుగు గడుల్లో పడుతుంది. బోర్డు ‘రెండూ కాదు’ అని రాసిందంటే దాన్ని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎన్.ఎ.ఎన్.ఎ. అంటారు. కలిపి చదివితే ‘నానా’. పేరు పెట్టినవాడికి తెలుగు రాదు గాని, వస్తే ఇంతకన్నా బాగా పెట్టలేకపోయేవాడు. ఆ మాట పడ్డ ఇంటివాళ్లవి నానా యాతనలే!

ఆ కాగితాలు రికార్డ్స్ ఆఫీసు నించి అలహాబాదు వెళ్లేవి. సైనిక పింఛన్లన్నిటికీ పెద్ద ఆఫీసు అక్కడ ద్రౌపదీ ఘాట్‌లో ఉంది. (ఊరి పేరు 2018లో ప్రయాగ్‌రాజ్ అయింది, ఘాట్ పేరు అదే.) నిండుసభలో ధర్మమేమిటని అడిగి జవాబు రాబట్టలేకపోయిన ఇల్లాలి పేరు ఆ చిరునామాలో ఎలా వచ్చి చేరిందో గాని, ఆ పేరు రాసి కవరు అంటించిన సిపాయిల భార్యలు లక్షల్లో ఉంటారు. అక్కడ ఇంకో డాక్టరు సలహాదారు ఉండేవాడు. రోగిని చూడకుండానే, బోర్డు వేసిన పాళ్లని కాగితం మీద తగ్గించేసేవాడు. చూడకుండా తగ్గించడం కుదరదని, మాజీ సాపర్ మొహిందర్ సింగ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చీర చూడకుండా చిరుగు కట్టే దుకాణందారుణ్ణి మనమే ఒప్పుకోం, దానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాలా?

ఇరవై అన్న ఆ గీత సంగతి చూడండి. బోర్డులు చాలాసార్లు ‘15 నించి 19’ అని రాసేవి. పందొమ్మిది అంటే సున్న. ఇరవై అంటే పింఛను. అంతటితో అయిందా? 1996 నించి కొత్త పద్ధతి వచ్చింది. యాభైకి లోపు ఎంతున్నా యాభైగా లెక్కకట్టమన్నారు. అంటే ఇరవై వచ్చినవాడికి యాభై, పందొమ్మిదివాడికి ఏమీ లేదు. ఒక్క పాలు తేడాకి ఒకడు గట్టుమీద, ఒకడు బావిలో. పరీక్షలో ఒక్క మార్కుతో తప్పిన పిల్లల్ని చూశాం గాని, ఇక్కడ మార్కులు వేసేది మోకాలికి.

మా వీధి చివర అక్క కథ ఇదే. పేరు చెప్పను, వాళ్లాయన పనిచేసిన దళం పేరూ చెప్పను. ఆవిడ బ్లౌజులు కుడుతుంది, నా బ్లౌజులన్నీ ఆవిడ కుట్టినవే. బావ శామీర్‌పేట అవతల ఓ మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. 1990లో సైన్యంలో చేరాడు. కొండల మీద మంచులో బండి తోస్తుంటే జారి మోకాలు నుజ్జయింది. రెండు ఆపరేషన్లు చేశారు, వంగలేదు. 1999లో ఇక పనికిరావని ఇంటికి పంపించేశారు. తొమ్మిదేళ్ల సర్వీసు. పదేళ్లు నిండలేదు కనక మామూలు పింఛనూ లేదు, గ్రాట్యుటీ చేతిలో పెట్టారు. మోకాలు సేవ వల్లే పోయిందని బోర్డు రాసింది. ఎన్ని పాళ్లని రాసిందో తెలుసా? 15 నించి 19.

ఓ మధ్యాహ్నం ఆ అక్క ఓ ప్లాస్టిక్ సంచీ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

“చెల్లె, గీ కాయితాలు జర సదివి చెప్పు. అంత ఇంగ్లీషుల ఉన్నది. బావ సదివిండు గని ఏమున్నదో జెప్తలేడు. అడిగితే కోపం జేస్తడు.”

చదివాను. కింద డాక్టరుగారి సంతకం పక్కన, ఆయన ‘సుఖంగా కూచోగలడు’ అన్న మాట కూడా ఉంది.

“పందొమ్మిది అంటే ఎంత చెల్లె?” అని అడిగింది.

“నూటికి పందొమ్మిది అక్కా.”

“మరి కాలు మొత్తమే వంగది గదా. మెట్లెక్కాల్నంటె నేను పట్టుకోవాలె. దొడ్డికి కూసోవాల్నంటె తిప్పల. అండ్ల నా పాలు ఎంత రాసిన్రు?”

దానికి ఆ ఫారంలో గడి లేదు. పూర్తిగా నూరు పాళ్ల వైకల్యం ఉండి, ఇంకొకళ్లు చూసుకోనిదే గడవదని బోర్డు రాస్తే, తోడుండే మనిషికని విడిగా ఒక భత్యం ఉంది. ఇంటి ఇల్లాలి చాకిరీకి గవర్నమెంటు పుస్తకంలో ఒక పద్దు ఉండటం నాకు ఆశ్చర్యంగానే తోచింది. కానీ అది నూటికి నూరు వాళ్లకే. పందొమ్మిది వాళ్ల భార్యలకి లేదు.

నాకు తెలిసిన ఓ లాయరమ్మని అడిగాను. ఆవిడ శామీర్‌పేటలోని నల్సార్‌లో చదివిన పిల్ల. వయసు చిన్నదే గాని, ఒక్కో తీర్పూ కథలా చెప్పింది. ధరంవీర్ సింగ్ అనే సిపాయి 1985లో సిగ్నల్స్‌లో చేరాడు. 1994లో మూర్ఛ జబ్బని పంపించేశారు. పాళ్లు ఇరవై వేశారు గాని, జబ్బు పుట్టుకతో వచ్చిందే, సేవకీ దానికీ సంబంధం లేదన్నారు. హైకోర్టులో ఒకసారి గెలిచి, అక్కడే ఇంకోసారి ఓడి, సుప్రీంకోర్టుకెళ్లాడు. 2013 జులై 2న తీర్పు వచ్చింది. చేర్చుకున్ననాడు మీ డాక్టర్లే పరీక్ష చేసి నిక్షేపంగా ఉన్నాడని రాసుకున్నారు, ఆనాడు జబ్బు ఉన్నట్టు ఒక్క ముక్క రాయలేదు, కనక తరవాత వచ్చింది సేవలో వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసే భారం మీదే, అనుమానం ఉంటే లాభం సిపాయిది. ఇదీ దాని సారాంశం. తమాషా ఏమిటంటే ఈ మాటలన్నీ 1982 నాటి నిబంధనల్లో ఉన్నవే! రాసింది 1982లో, చదివి వినిపించింది 2013లో. నడుమ ముప్ఫై ఒక్క ఏళ్లు.

మా అక్కకి పనికొచ్చేది ఆ మరుసటేడు వచ్చిన సుఖ్వీందర్ సింగ్ తీర్పు. సైన్యానికి పనికిరాడని మీరే మనిషిని పంపించేశారు గదా, అలాంటప్పుడు అతని వైకల్యం ఇరవైకి తక్కువని ఎలా అంటారు అన్నది సుప్రీంకోర్టు. చూడండి, ఇంత మామూలు మాట! పందొమ్మిది పాళ్లే పోతే మిగతా ఎనభైయొక్క పాళ్ల మనిషిని ఎందుకు ఇంటికి పంపినట్టు? ఈ ప్రశ్న మా అక్క అడిగేదే, ఆవిడ భాషలో. అదే ఏడు డిసెంబరులో రామ్ అవతార్ కేసులో, ఆ ‘యాభై’ లెక్క సర్వీసు పూర్తిచేసి రిటైరైన వికలాంగులకి కూడా వర్తిస్తుందని తేల్చారు. అయితే పూర్తి సర్వీసు చేసి రిటైరైనవాళ్లకి ఆ ఇరవై గీత మాత్రం అలాగే ఉందని 2019లో మరో తీర్పు చెప్పింది. అంచేత ఎవరి కాగితంలో ఏముందో చూసుకోకుండా పక్కింటివాళ్లకి వచ్చింది గనక మనకీ వస్తుందనుకోవడానికి లేదు.

గవర్నమెంటుకి మనసు లేదని నేననను. పాళ్లు మళ్లీ మళ్లీ లెక్కకట్టడానికి ఏళ్ల తరబడి బోర్డులకి తిప్పే పద్ధతిని, శాశ్వత వైకల్యాల విషయంలో 2001లో ఆపేశారు. తెగిపోయిన వేలు మళ్లీ మొలిచిందేమో చూద్దాం రమ్మన్నట్టుండేది అంతకుముందు! సైనికుల కేసులకి విడిగా ట్రిబ్యునల్ పెట్టారు. 2007లో చట్టం, 2009లో పని మొదలు. మనవైపు కేసులు చెన్నై బెంచి కిందికి వచ్చాయి. వికలాంగ సైనికుల మీద ప్రభుత్వమే పై కోర్టులకి అప్పీళ్లు వేసుకుంటూ పోవడం బాగాలేదని, 2015లో రక్షణమంత్రి పారికర్ వేసిన నిపుణుల కమిటీ కూడా చెప్పింది. మళ్లీ 2023 సెప్టెంబరు 21 నించి 2008 నాటి నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. అనుమానం లాభం వెనకటంత ధారాళంగా దొరకదేమోనని మాజీ సైనికుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ తేదీకి ముందు బయటికొచ్చిన బావలాంటివాళ్లకి పాతవే.

ఇక అసలు దెబ్బ డబ్బు దగ్గర ఉంది. తర్సేమ్ సింగ్ అనే ఆయన్ని 1983లో వైకల్యంతో పంపించేశారు. పింఛనుకోసం ఆయన కోర్టుకెక్కింది 1999లో. 2008లో సుప్రీంకోర్టు ఏమందంటే, పింఛను ప్రతినెలా కొత్తగా జరిగే అన్యాయం లాంటిది, కనక ఆలస్యమైందని కేసు కొట్టెయ్యక్కర్లేదు. కానీ పాత బకాయి మాత్రం కేసు వేసిన నాటినించి వెనక్కి మూడేళ్లకే ఇస్తాం అంది. లాయరమ్మ ఈ మాట చెబుతుంటే అక్క వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకుంటోంది. 1999 నించి ఇప్పటిదాకా పాతికేళ్ల పైమాట. ఆ ఏళ్లలోనే పెద్దపిల్ల చదువు పదోక్లాసుతో ఆగింది. మేడ్చల్ రైల్వే స్టేషను అవతల కొన్న నూరు గజాల జాగా అమ్ముకున్నారు. అత్తగారు మంచానపడి పోయింది.

“మూడేండ్లే ఇస్తరా? కడుమ ఏండ్లు ఎవల పాలు బోయినయ్?” అంది.

లాయరమ్మ దగ్గర దానికి తీర్పు లేదు.

బావ మాత్రం మొదట్లో ఒప్పుకోలేదు. “దేశానికి పని జేసిన. అడుక్కుంటనా?” అని ఒక్కటే పట్టు. ఇలాంటి అభిమానం ఎంత ఖరీదో మగవాళ్లకి తెలీదు, అది కట్టేది వాళ్లు కాదు గనక. ఆ మాటకి జవాబు నేను చెప్పలేదు, లాయరమ్మే చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో, పింఛను దయాదానం కాదు, చేసిన సేవకి హక్కుగా రావలసిందని అయిదుగురు జడ్జీలు చెప్పారనీ, పింఛనుదారులు ఆ తేదీని ఇప్పటికీ పండగలా చేసుకుంటారనీ చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లోపలికెళ్లి బీరువా అడుగునించి డిశ్చార్జి పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాడు. ఖాకీ గుడ్డ అట్ట, మూలలు ఎలుకలు కొట్టేశాయి. మోకాలికి దెబ్బ తగిలిన తేదీ, చూసిన ఆసుపత్రి, అన్నీ అందులో ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆవిడ దాన్ని కళ్లజూడలేదట.

మీ ఇళ్లలో అలాంటి పుస్తకం ఉంటే, ఓసారి అడిగి చూడండి. బోర్డు రాసిన కాగితం నకలు మన దగ్గర లేకపోతే రికార్డ్స్ ఆఫీసునించి అడిగి తెప్పించుకునే హక్కు ఉంది. దారి తెలీకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్పేవాళ్లుంటారు. పింఛను కాదన్న ఉత్తరం వస్తే అప్పీలుకి గడువుంటుంది. ఉత్తరం మడిచి దేవుడి పటం వెనక పెట్టెయ్యకూడదు. మా అక్క పెట్టింది. పందొమ్మిదేళ్లు వెంకటేశ్వరస్వామి వెనకే ఉందా ఉత్తరం.

ఇప్పుడు ట్రిబ్యునల్‌కి కాగితాలు తయారవుతున్నాయి. ఒకచోట ఆగాయి. సైన్యం పుస్తకంలో భార్య పేరు ఒకలా ఉంది, ఆధార్ కార్డులో ఇంకోలా ఉంది. పుట్టింటివాళ్లు ముద్దుగా పిలిచే పేరుని పెళ్లయిన కొత్తలో ఎవరో గుమాస్తా అలాగే రాసేసుకున్నాడు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్టు కావాలట. వచ్చే సోమవారం నోటరీ దగ్గరికి వెళ్లాలి. పెళ్లి ఫోటో కూడా తెమ్మన్నారు. ఫోటోలో బావ రెండు కాళ్లమీదా నిలబడి ఉన్నాడు.